గంధకవాయువును శోధించిన షీలే

భద్రాచలం అడవుల అంచున, అశ్వాపురం వద్ద మణుగూరు భారజల కర్మాగారం 1991లో పని ప్రారంభించింది. గోదావరి నీటి నుండి భారజలాన్ని వేరుచేయటానికి అక్కడ తోడ్పడేది హైడ్రోజన్ సల్ఫైడ్. మన ప్రయోగశాలలో కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన వెదజల్లే వాయువు అదే. దానిని తొలుత శాస్త్రీయంగా పరిశీలించిన కార్ల్ విల్హెల్మ్ షీలే జీవితాన్ని స్మరించుకొనటం మనకు ఉచితం.

షీలే 1742 డిసెంబరు 9న, నాడు స్వీడన్ ఏలుబడిలో ఉన్న స్ట్రాల్‌సుండ్ పట్టణంలో జన్మించారు. కళాశాల చదువుకు నోచుకోక, పదునాలుగవ యేటనే గోథెన్‌బర్గ్‌లోని ఒక ఔషధశాలలో పనికి కుదిరారు. పగలు మందులు నూరుతూ, తీరిక వేళల రసాయన గ్రంథాలు చదివి, అందులోని ప్రయోగాలను స్వయంగా చేసి చూచేవారు. మాల్మో, స్టాక్‌హోమ్, ఉప్సాలా నగరాలలో పనిచేసి, 1775లో కోపింగ్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డారు. ఆ సంవత్సరమే స్వీడిష్ రాజ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

1774లో క్లోరిన్‌ను తయారుచేసినది షీలేయే. ప్రాణవాయువును ప్రీస్ట్‌లీ కంటె ముందే కనుగొన్నా, ఆ సంగతి తెలిపే గ్రంథం 1777లో గాని వెలువడలేదు. కీర్తి ముందుగా ప్రకటించిన ప్రీస్ట్‌లీకి దక్కింది. గాలిని, అగ్నిని గురించిన ఆ గ్రంథంలోనే గంధకవాయువు ప్రసక్తి కూడా ఉన్నది.

నేడు మనం కిప్ పరికరంలో ఐరన్ సల్ఫైడ్‌పై ఆమ్లం పోసి ఈ వాయువును పొందుతున్నాం. ఆమ్ల ద్రావణంలోకి పంపితే రాగి నల్లగా, కాడ్మియం పసుపుగా, ఆంటిమొని నారింజరంగుగా అవక్షేపిస్తాయి. తెలియని లవణం గుట్టు అలా బయటపడుతుంది. కర్మాగారంలోని ఎత్తైన గోపురాలలో ఇదే వాయువు నీటితో కలిసి తిరుగుతుంది. చల్లని భాగంలో డ్యుటీరియం వాయువును విడిచి నీటిని చేరుతుంది; వేడి భాగంలో నీటిని విడిచి వాయువును చేరుతుంది. ఈ మార్పిడి పదేపదే జరుగగా నీటిలో డ్యుటీరియం పాలు పెరుగుతూ వస్తుంది. అలా లభించిన భారజలం అణువిద్యుత్ కేంద్రాలకు అవసరం.

షీలేకు తాను చేసిన పదార్థాలను వాసన చూచి, రుచి చూచే అలవాటు ఉండేది. 1786 మే 21న, నలుబది మూడేండ్ల వయస్సులోనే కన్నుమూశారు. విషపదార్థాలతో చిరకాలం మెలగటమే ఆయన ఆరోగ్యాన్ని క్రుంగదీసిందని పలువురి అభిప్రాయం.

విద్యార్థి మిత్రులు గుర్తుంచుకొనవలసినది ఒకటున్నది. ఈ వాయువు స్వల్పంగా ఉన్నపుడు వాసనతో హెచ్చరిస్తుంది. అధికమైనపుడు ఘ్రాణశక్తినే మొద్దుబారుస్తుంది. వాసన ఆగినంత మాత్రాన వాయువు పోయినట్లు కాదు. తెలుగులో గంధకమన్నా, ఉర్దూలో గంధక్ అన్నా దాని గుణం ఒక్కటే. షీలే జిజ్ఞాసను మనం అలవరచుకొందాం. ఆయనకు కొరవడిన జాగ్రత్తను దానికి జతపరచుకొందాం.