ఊరి సమస్య ఊరి ముందు: వినోబా భావే

ఆచార్య వినోబా భావే 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. 1916లో గాంధీజీని చేరి ఆశ్రమవాసి అయ్యారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ మొట్టమొదట ఎన్నుకొన్నది ఆయననే. అయితే మన తెలంగాణకు ఆయన మరొక కారణం చేత ఆప్తులు.

1951 నాటికి తెలంగాణ పల్లెలు భూమి తగాదాలతో రగులుతున్నాయి. ఒకవైపు సాయుధ పోరాటం, మరొకవైపు ప్రభుత్వ బలగాలు. నడుమ నలిగిపోతున్న పేదలు. ఆ ఏప్రిల్ నెలలో హైదరాబాదు దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వార్ధా ప్రాంతం నుండి వినోబా దానికి కాలినడకన వచ్చారు. అది ముగిశాక నల్లగొండ జిల్లా పల్లెలకు నడిచి, ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

అక్కడి 40 దళిత కుటుంబాలవారు బ్రతుకుతెరువుకు 80 ఎకరాలు కావాలని అడిగారు. ప్రభుత్వానికి వ్రాద్దామని ఆయన మొదట తలచారు. కాని అది ఎన్నాళ్లకు తేలుతుంది? అందుచేత ఆ సమస్యను అక్కడ కూడిన ఊరివారి ముందే పెట్టారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమానికి అదే నాంది. అడిగేవారూ ఇవ్వగలవారూ ఒకే చోట కూర్చున్నందువల్లనే అది సాధ్యమైంది.

ఆ తరువాత ఆయన దేశమంతటా పదమూడేళ్లు నడిచారు. భూదానం గ్రామదానంగా పెరిగింది. గ్రామదాన గ్రామంలో వయోజనులందరూ గ్రామసభ సభ్యులే. అక్కడ ఓట్లు లెక్కించడం కాక ఏకాభిప్రాయం సాధించడం నియమం. ఓట్లతో తేల్చినచోట ఓడినవారు మిగిలిపోతారని, ఊరు రెండుగా చీలుతుందని ఆయన భావన.

ఈ మార్గం తేలికైనది కాదు. దేశంలో 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా ప్రకటించినా, అందులో చాలా భాగం పేదల చేతికి అందలేదు. సభలో చెప్పిన మాట వెంట పట్టా, కొలత, సాగు రాకపోతే ఆ మాట గాలిలోనే ఉండిపోతుంది. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం విషయంలో 1974-75లో సర్వ సేవా సంఘమే ఒక్క మాట మీదికి రాలేక చీలింది. వినోబా 1982 నవంబరు 15న పౌనార్‌లో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, మన విచారణలోనూ, కులసంఘంలోనూ, గ్రామంలోనూ నలుగురు పెద్దలు మాట్లాడి మిగిలినవారు తల ఊపితే దానిని ఏకాభిప్రాయం అనుకొంటాము. పోచంపల్లిలో మొదట మాట్లాడినది భూమిలేనివారు. ఈసారి కూర్చున్నప్పుడు, ఎవరి కష్టం గురించి కూర్చున్నామో వారు అక్కడ ఉన్నారా అని చూద్దాం. ముందు వారి మాట విందాం. నిర్ణయం అయ్యాక, ఏ పని ఎవరు ఎప్పటిలోగా చేయాలో వ్రాసుకొని మరీ లేద్దాం.