డెబ్బై ఏళ్ల వయసులో వచ్చిన అల



ఆదివారం పొద్దున ఆబిడ్స్ వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకు ఆ దృశ్యం తెలుసు. షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. క్లాస్ లైబ్రరీ కోసం గ్రామర్ పుస్తకాలు వెతుకుతుంటే, అట్ట మీద పెద్ద నీలం అల ఉన్న పుస్తకం ఒకటి చేతికి తగిలింది. ఆ అలను మీరూ చూసే ఉంటారు. టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద, కాఫీ కప్పుల మీద కనిపిస్తుంది. సోమవారం దాన్ని ఆరో తరగతికి తీసుకెళ్తే, ఒక అబ్బాయి ఇది ఏ యాప్‌లో చేశారని అడిగాడు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన బొమ్మ అని చెప్తే నమ్మలేదు. ఈ నెల పేజీ ఆ అబ్బాయి కోసం, అలాగే పోయిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నన్ను ఒక ప్రశ్న అడిగిన తల్లి కోసం. ఆ ప్రశ్న తర్వాత చెప్తాను.

ఆ అలను గీసినాయన పేరు హొకుసాయ్. 1760లో ఎదో నగరంలో పుట్టాడు. ఇప్పటి టోక్యోకు అప్పటి పేరు ఎదో. ఆరేళ్ల వయసు నుంచే కనిపించిన ప్రతిదాన్నీ గీసేవాడట. పుస్తకాలు అద్దెకిచ్చే కొట్లో కొన్నాళ్లు పని చేశాడు. పదిహేనేళ్లు నిండకుండానే చెక్క అచ్చులు చెక్కే వాళ్ల దగ్గర పనికి కుదిరాడు. అంటే ఆయన ముందు నేర్చుకున్నది బొమ్మ గీయడం కాదు, ఇంకొకరు గీసిన బొమ్మను ఉలితో చెక్కడం.

ఈ చెక్కడం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కలంకారీ స్టాళ్ల దగ్గర ఆగినవాళ్లకు సులభంగా అర్థమవుతుంది. పెడన, మచిలీపట్నం వైపు టేకు చెక్క మీద లతలు, పూలు చెక్కి, ఆ అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గట్టిగా కొడతారు. జపాన్‌లో దీనికి తిరకాసు. అచ్చు కింద ఉంటుంది, కాగితం పైన ఉంటుంది. అడవి చెర్రీ చెక్క మీద బొమ్మ చెక్కి, నీళ్ల రంగులో బియ్యప్పిండి జిగురు కలిపి పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో వెనక నుంచి రుద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు అదే కాగితం. ఒక్క వెంట్రుక వాసి పక్కకు జరిగినా బొమ్మ చెడిపోతుంది. అందుకే ప్రతి అచ్చు మూలన కాగితం ఆనించడానికి చిన్న గాడి చెక్కుతారు.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసి ఇచ్చిన అసలు బొమ్మను బోర్లా తిప్పి చెక్కకు అంటిస్తారు. ఆ గీతల మీదుగానే ఉలి నడుస్తుంది. అచ్చు పూర్తయ్యేసరికి అసలు బొమ్మ మిగలదు. కాబట్టి ఏ మ్యూజియంలోనైనా మనం చూసే అలలోని ప్రతి గీతా చెక్కినవాడి చేతి మీదుగా వచ్చిందే. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఒకడు, డబ్బు పెట్టి అమ్మే ప్రచురణకర్త ఒకడు. బొమ్మ మీద చిత్రకారుడి పేరు, ప్రచురణకర్త ముద్ర ఉంటాయి. మిగతా ఇద్దరి పేర్లు చాలాసార్లు కనబడవు. ఉలి పట్టిన చేయి కనుక హొకుసాయ్‌కి ఈ తేడా తెలుసు. పెద్దయ్యాక తన పుస్తకాలకు ఫలానా చెక్కేవాడే కావాలని ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాశాడు, తాను గీసిన ముక్కులు, కళ్లు చెక్కేటప్పుడు మార్చేస్తున్నారని కోప్పడ్డాడు కూడా.

పద్దెనిమిదేళ్లకు ఉలి వదిలి, షున్షో అనే పేరున్న చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. అక్కడ నాటక నటుల బొమ్మలు గీసేవాడు. గురువు పోయాక ఆ బృందం నుంచి బయటికొచ్చాడు. ఆ రోజుల్లో పూట గడవక వీధుల్లో మిరపకాయలు, క్యాలెండర్లు అమ్మాడని చెబుతారు. పేర్లు మార్చుకోవడం ఆయనకు అలవాటు, జీవితంలో ముప్పైకి పైగా పేర్లు పెట్టుకున్నాడు. హొకుసాయ్ అన్నది ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో స్థిరపడిన పేరు. ఇళ్లు మారడం ఇంకో అలవాటు. మొత్తం తొంభై మూడుసార్లు మారాడట. ఇల్లు ఊడ్చే ఓపిక లేక, చెత్త పేరుకుంటే ఇంకో ఇంటికి వెళ్లిపోయేవాడని కథ. (మా ఇంట్లో నా టేబుల్ చూసినవాళ్లు ఈ మాట నేను ఎందుకు ఇష్టంగా రాశానో అర్థం చేసుకుంటారు.)

టీచర్‌గా నాకు నచ్చేది మాత్రం ఆయన యాభై దాటాక చేసిన పని. 1812లో బొమ్మలు త్వరగా నేర్చుకోవడానికి ఒక పుస్తకం తెచ్చాడు. అందులో స్కేలు, వృత్తలేఖిని పట్టుకుని గుండ్రాలు, చతురస్రాలు కలిపితే మనిషి, పక్షి, జంతువు ఎలా వస్తాయో చూపించాడు. మన పిల్లల జామెట్రీ బాక్సులో ఉన్న వస్తువులే. 1814 నుంచి వచ్చిన హొకుసాయ్ మాంగా కూడా నేర్చుకునేవాళ్లు చూసి గీయడానికి వేసిన పుస్తకమే. ఈత కొట్టేవాళ్లు, లావుపాటివాళ్లు, కప్పలు, వానలో ఎగిరిపోతున్న గొడుగులు, దయ్యాలు అన్నీ ఉంటాయి. మొత్తం పదిహేను భాగాలు, ఆఖరిది ఆయన పోయాక 1878లో వచ్చింది. బట్టలకు అద్దకం వేసేవాళ్ల కోసం 1824లో చిన్న చిన్న డిజైన్ల పుస్తకం కూడా గీసి ఇచ్చాడు.

ఆ బట్టల దారిలో మన తీరానికీ జపాన్‌కూ పాత పరిచయం ఉంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి వర్తకులు మచిలీపట్నంలో మకాం పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లో నాగసాకి చేరేవి. జపాన్‌లో వాటిని సరస అన్నారు. టీ పాత్రల సంచులకు, బట్టల లోపలి అంచులకు ముక్కలు ముక్కలుగా దాచుకుని వాడుకున్నారు. ఆ డిజైన్లను చెక్క అచ్చుల మీద చెక్కి పుస్తకాలుగానూ వేశారు. మన టేకు అచ్చుల పూలు వాళ్ల చెర్రీ అచ్చుల మీదికి ఎక్కాయన్నమాట.

అరవై దాటాక కష్టాలు వరసగా వచ్చాయి. పక్షవాతం వచ్చింది. నిమ్మజాతి పండుతో తానే మందు కాచుకుని తాగి కోలుకున్నాడని అంటారు. 1828లో రెండో భార్య పోయింది. మనవడు జూదంలో చేసిన అప్పులు ఆయన నెత్తిన పడ్డాయి. 1830 మొదట్లో రాసిన ఉత్తరంలో డబ్బు లేదు, కట్టుకోను బట్ట లేదు, తిండికీ కష్టంగా ఉందని చెప్పుకున్నాడు. అప్పుడు ఆయనకు డెబ్బై ఏళ్లు.

సరిగ్గా అప్పుడే ఆ అల వచ్చింది. జర్మనీలోని బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు ఆ రోజుల్లో జపాన్‌లో చవకగా దొరకడం మొదలైంది. పాత నీలాలు ఎండకు వెలిసిపోయేవి, ఇది నిలిచేది. నిషిమురాయ అనే ప్రచురణకర్త ఆ నీలంతో ఫ్యూజీ కొండ బొమ్మలు వేస్తే అమ్ముడుపోతాయని లెక్క వేశాడు. ముప్పై ఆరు అనుకున్నవి గిరాకీ చూసి నలభై ఆరయ్యాయి. అల వాటిలో ఒకటి. మన ఏ4 కాగితం కన్నా కాస్త పెద్దదంతే. పిల్లలకు చూపించేటప్పుడు అల దగ్గరే ఆగిపోకండి. కింద మూడు పడవలున్నాయి, వాటిలో తెడ్లకు అతుక్కుని వంగిన మనుషులున్నారు, వెనక ఫ్యూజీ కొండ ఇంకో చిన్న అల లాగా ఉంది. కొండను వెతికి పట్టుకోవడానికి మా క్లాసులో సగం మందికి నిమిషం పైనే పట్టింది. అప్పట్లో ఒక కాపీ ధర రెండు గిన్నెల నూడుల్స్ ధరకు అటూ ఇటూ. గొప్పవాళ్ల ఇళ్లలో వేలాడదీయడానికి కాదు, మామూలు జనం కొనుక్కోవడానికి వేసినవి.

1834లో ఫ్యూజీ మీద ఇంకో పుస్తకం చివర ఆయన తన గురించి కొంత రాసుకున్నాడు. డెబ్బై ఏళ్లకు ముందు గీసినవేవీ లెక్కలోకి రావని, ఇప్పుడిప్పుడే పక్షులు, చేపలు, చెట్ల తీరు కొంచెం తెలుస్తోందని, నూట పదేళ్ల వయసు వచ్చేసరికి గీసిన ప్రతి గీతకూ ప్రాణం వస్తుందని దాని సారాంశం. బొమ్మల పిచ్చి ముసలాయన అని సంతకం చేయడం మొదలుపెట్టాడు. 1839లో ఇల్లు కాలిపోయి ఏళ్ల తరబడి గీసినవి బూడిదయ్యాయి. మళ్లీ గీశాడు. ఎనభై దాటాక ఎదోకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఒబుసె ఊరికి వెళ్లి, ఉత్సవ రథాల పైకప్పులకు అలలు గీశాడు. 1849లో పోయేటప్పుడు ఇంకో పదేళ్లు, కనీసం అయిదేళ్లు ఉంటే నిజమైన చిత్రకారుణ్ణి అయ్యేవాణ్ణని అన్నాడట.

ఆ ఆఖరి ఏళ్లలో పక్కనే ఉన్నది కూతురు ఓయి. పెళ్లి నిలబడక పుట్టింటికి తిరిగొచ్చి, తండ్రితో కలిసి పని చేసింది. అందమైన స్త్రీలను గీయడంలో తనకన్నా కూతురే మేలని హొకుసాయ్ ఒప్పుకున్నాడంటారు. చీకట్లో లాంతరు వెలుగును ఆమె గీసిన తీరు చూస్తే ఆ మాటలో అతిశయోక్తి లేదనిపిస్తుంది. కానీ ఆమె సంతకంతో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. తండ్రి సంతకంతో ఉన్న ముసలితనపు బొమ్మల్లో ఆమె చేయి ఎంత ఉందో పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న. వచ్చే ఏడు ఫౌండేషన్ క్లాసులు ఉంటాయి కదా, పాపతో డ్రాయింగ్ మాన్పించాలా అని అడిగారు. ఆరోజు ఏదో చెప్పి పంపించాను. హొకుసాయ్ జీవితం చదివాక కూడా నా దగ్గర సూటి జవాబు లేదు. ఆయన ఉదాహరణ చూపించి మానొద్దని చెప్పడం సులభమే, కానీ ఆయన డెబ్బై ఏళ్లకు కట్టుకోను బట్ట లేదని రాసుకున్న మనిషి కూడా. ఆ సగం దాచి మీకు చెప్పడం నాకు నచ్చలేదు. నేను ఏడో తరగతిలో డ్రాయింగ్ మానేశాను. నన్నెవరూ అడగలేదు, టైమ్‌టేబుల్లో ఆ పీరియడ్ పోయింది, అంతే. మేడమ్, పాపను ఒకసారి అడిగి చూడండి. తను ఏమంటుందో వచ్చే మీటింగ్‌లో నాకూ చెప్పండి.

2024 నుంచి జపాన్ వెయ్యి యెన్ల నోటు వెనక ఆ అలే ఉంది. టోక్యోలో అదాచి అనే సంస్థ ఇప్పటికీ యువకులకు చెక్కడం, అద్దడం నేర్పించి, పాత పద్ధతిలోనే ఆ అలను కొత్తగా చెక్కి అద్దుతోంది.

ఈ నెల ఆరో తరగతి ఆర్ట్ పీరియడ్‌లో చెర్రీ చెక్క దొరకదు కనుక బెండకాయ, బంగాళాదుంపలతో అద్దకం చేస్తున్నాం. కత్తి పని టీచర్లే చేస్తారు. పిల్లలతో ఒక పాత కాటన్ గుడ్డ, రెండు ముదురు బెండకాయలు పంపండి. లేతవి వద్దు, అద్దితే నలిగిపోతున్నాయి.