రాట్నం తిప్పిన కుంచె

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఓ తైలవర్ణ చిత్రం. ముందు గదిలో ఆడవాళ్లు ఉన్ని వడుకుతుంటారు. ఎడమన తలకు గుడ్డ కట్టుకున్న ముసలావిడ, ఎదురుగా రాట్నం. దాని చక్రానికి ఆకులు కనబడవు. గిరగిరా తిరిగే చక్రంలో ఆకులెక్కడ కనబడతాయి? కంటికి ఆనినట్టే వేశాడు డియేగో వెలాస్కెజ్.

1599లో స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టాడు. పచేకో అనే చిత్రకారుడి దగ్గర పని నేర్చి, 1618లో గురువు కూతురు హువానానే పెళ్లాడాడు. 1623లో నాలుగో ఫిలిప్ రాజు ఆస్థానంలో కుదిరాక ఇక పోయేదాకా ఆ కొలువే.

వడికేవాళ్లు అని పేరుపడ్డ ఈ బొమ్మ 1655-60 మధ్య నాటిది. చాలాకాలం నేత కార్ఖానా దృశ్యమనే అనుకున్నారు. 1664 నాటి ఓ ఇంటి సామాన్ల జాబితా 1948లో వెలుగుచూశాక అసలు సంగతి తెలిసింది. ఇది గ్రీకు కథ! అరాక్నే అనే నేతపిల్ల ఎథీనా దేవతతోనే మగ్గం పోటీకి దిగుతుంది. దేవతల బాగోతాలనే బొమ్మలుగా నేస్తుంది. పనిలో వంక దొరకని దేవత కోపంతో ఆమెను సాలెపురుగుగా మార్చేస్తుంది. (మనకూ నేతకు సాలె అని పేరుంది, పురుగేమో సాలీడు.) వెనక గది గోడకు వేలాడే అరాక్నే నేతలో ఉన్నది ఇటలీ చిత్రకారుడు టిషియన్ వేసిన యూరోపా బొమ్మే. పెద్దాయనకు అలా దండం పెట్టుకున్నాడన్నమాట.

చేతిపనిని ఇంతగా గౌరవించిన మనిషికి శాంటియాగో వీరుల సంఘంలో చేరాలని ఒకటే కోరిక. అక్కడేమో చేతిపనితో బతికినవాడికి చోటు లేదు. విచారణలో వందమందికి పైగా సాక్షుల్ని పిలిచారు. ఆయన బొమ్మలమ్ముకుని బతకలేదని, రాజుగారి కోసమే వేశాడని వాళ్లు చెప్పారు. 1617లో సెవిల్‌లో పరీక్ష నెగ్గి పనికొట్టం పెట్టుకునే హక్కు సంపాదించినవాడే మరి! వంశం గొప్పదన్న రుజువూ చాల్లేదు. చివరికి పోప్ మినహాయింపు ఇస్తేగానీ 1659లో పని కాలేదు.

ఆ గౌరవం ఏడాది కూడా నిలవలేదు. ఫ్రాన్స్ సరిహద్దులో రాజుగారి కూతురి పెళ్లి ఏర్పాట్లు చేసి అలసి ఇంటికొచ్చాడు. జ్వరం పట్టుకుంది. 1660 ఆగస్టు 6న కన్నుమూశాడు. వారం తిరిగేసరికి హువానా కూడా.

1656లో వేసిన లాస్ మెనినాస్‌లో తన బొమ్మ కూడా వేసుకున్నాడు. చేతిలో కుంచె, రంగుల పలక. ఎదపై ఆ సంఘం ఎర్ర శిలువ. బొమ్మ పూర్తయి మూడేళ్లు దాటాకే అది అక్కడికి చేరింది.