కాప్రేరా దీవిలో గారిబాల్డీ విశ్రాంత జీవితం

మన తరం వాళ్ళు హైస్కూలులో చదివిన చరిత్ర పాఠాల్లో ఇటలీ ఏకీకరణ ఒకటి. మాజినీ ఆత్మ, కవూరు మెదడు, గారిబాల్డీ ఖడ్గం అని మాస్టారు చెబితే బట్టీపట్టి, పరీక్షలో రాసి వచ్చినవాళ్ళమే చాలామందిమి. ఆ ఖడ్గం ఒరలోకి పోయిన తర్వాత ఆ మనిషి ఎక్కడికి వెళ్ళాడు, ఎలా బతికాడు, ముసలితనం ఎలా గడిచింది అన్నది ఆ పాఠంలో లేదు. పరీక్షకు రాదు గనుక మనమూ అడగలేదు. ఇప్పుడు మన వయసుకు పనికివచ్చేది ఆ మిగిలిన భాగమే కాబట్టి ఈ ప్రత్యేక సంచికకు దానినే ఎంచుకున్నాను.

జోసెఫ్ గారిబాల్డీ (ఇటలీ వాళ్ళు జుసెప్పె అంటారు) 1807 జూలై 4న మధ్యధరా సముద్రపు ఒడ్డున నీస్ పట్టణంలో పుట్టాడు. తండ్రి సొంత పడవ మీద తీరప్రాంత వ్యాపారం చేసేవాడు. కొడుకూ ఓడ ఎక్కి 1832 నాటికి కెప్టెను సర్టిఫికెట్టు సంపాదించాడు. తర్వాత మాజినీ అనుచరుడై 1834లో జెనోవా తిరుగుబాటులో చేరాడు. అది విఫలమైంది. ఆయన లేకుండానే విచారణ జరిపి మరణశిక్ష వేశారు. అప్పటికే దేశం దాటాడు గనుక బతికాడు. 1835లో బ్రెజిల్ చేరి, అక్కడా ఉరుగ్వేలోనూ పన్నెండేళ్ళకు పైగా పోరాటాల్లో గడిపాడు. ఆ ఎర్ర చొక్కా అక్కడిదే. కబేళా కూలీల కోసం నేసిన చొక్కాలు చవకగా దొరికితే తన దళానికి యూనిఫారంగా తీసుకున్నాడు. భార్య అనీటా కూడా అక్కడి మనిషే. గుర్రం మీద భర్త పక్కనే యుద్ధం చేసిన ఇల్లాలు. 1849లో రోము నగరం పడిపోయి వెనక్కి తగ్గుతున్నప్పుడు, గర్భవతిగా ఉండి, జ్వరంతో, రవెన్నా దగ్గర ఒక పల్లెటూరి ఇంట్లో ఆమె కన్నుమూసింది. వెంట శత్రువులు తరుముతుండటంతో ఆమెను మట్టి చేసేవరకు ఆగే వ్యవధి కూడా ఆయనకు లేకపోయింది.

మళ్ళీ ప్రవాసం. ఈసారి ఏ దేశమూ ఉండనివ్వలేదు. ట్యూనిస్ వద్దంది. సార్డీనియాకు ఉత్తరాన ఉన్న లా మద్దలేనా అనే చిన్న దీవిలో కొన్ని వారాలు ఉంచారు. ఎదురుగా కనిపించే రాళ్ళ దీవి కాప్రేరా. బహుశా చూపు అప్పుడే పడి ఉంటుంది. అక్కడినుంచి జిబ్రాల్టరు, టాంజియరు, 1850లో న్యూయార్కు. రెండు రాజ్యాల సైన్యాలు నడిపిన మనిషి అక్కడ ఒక స్వదేశీయుడి కొవ్వొత్తుల కార్ఖానాలో పని చేశాడు. తర్వాత పెరూ వెళ్ళి ఓడ కెప్టెనుగా చైనాలోని కాంటన్ దాకా సరుకు చేరవేశాడు. తిరుగు ప్రయాణంలో, 1852లో, టాస్మేనియా దగ్గర ఒక చిన్న దీవిలో మంచినీళ్ళ కోసం ఆగారు. ఎవరో కాపురముండి విడిచిపోయిన ఇల్లు, తోట అక్కడ ఉన్నాయి. జనం లేని ఆ దీవి చాలాకాలం తన మనసులో మెదిలిందని తరువాత స్వీయచరిత్రలో రాసుకున్నాడు. రిటైరయ్యాక ఎక్కడ ఉండాలన్న ఆలోచన కొందరికి అలా ఎప్పుడో సర్వీసు మధ్యలోనే నాటుకుంటుంది.

1855లో తమ్ముడు ఫెలీచే మరణించాడు. అతని ఆస్తిలో వచ్చిన వాటాతో, తాను దాచుకున్న కొద్ది జీతంతో గారిబాల్డీ కాప్రేరా దీవిలో సగం కొన్నాడు. అప్పటికి వయసు 48. దీవి మొత్తం విస్తీర్ణం సుమారు పదహారు చదరపు కిలోమీటర్లు. మేకల దీవి అని ఆ పేరుకు అర్థం చెబుతారు. గ్రానైటు బండలు, ముళ్ళ పొదలు, ఎండ, వాయవ్యం నుంచి రోజుల తరబడి ఈడ్చి కొట్టే గాలి. ఫోటోల్లో నీలి సముద్రం చూసి స్వర్గం అనుకుంటాం గాని, ఆ గాలికి చెట్లన్నీ ఒకవైపుకు వంగి పెరుగుతాయి. పెద్ద కొడుకు మెనోట్టి, మరికొందరు పాత సహచరులు వెంట రాగా మొదట గుడారంలో, తర్వాత చెక్క గుడిసెలో ఉండి ఇల్లు కట్టారు. దక్షిణ అమెరికాలో చూసిన ఇళ్ళ తరహాలో ఒకే అంతస్తు, చదునైన పైకప్పు, తెల్లని సున్నం. దానికి తెల్ల ఇల్లు అనే పేరు నిలిచిపోయింది. తాపీపని ఆయన చేతికి పట్టుబడలేదని, చివరికి రాళ్ళు మోసే పనికి మార్చారని అంటారు.

బండల మధ్య దొరికిన చెంపెడు మట్టిలో ద్రాక్ష, ఆలివ్, అత్తి, బంగాళాదుంప, చిక్కుళ్ళు వేశాడు. ఆవులు, గొర్రెలు, తేనెపట్లు పెంచాడు. గాడిదలకు తన ప్రత్యర్థులైన పోపుగారి పేరు, ఫ్రెంచి చక్రవర్తి పేరు పెట్టాడు. కాగితాల్లో వృత్తి అన్నచోట వ్యవసాయదారు అని రాసుకునేవాడు. దారి తప్పిన గొర్రెపిల్ల కోసం రాత్రంతా కొండల్లో వెతికి, తెల్లవారి తన పక్కలోనే పడుకోబెట్టుకుని నిద్రపోయాడన్న కథ ఎంత నిజమో గాని, 1871లో టూరిన్‌లో జంతు సంరక్షణ సంఘం స్థాపించింది మాత్రం ఆయనే.

ఇరుగుపొరుగు గొడవలు అక్కడా తప్పలేదు. దీవిలో మిగిలిన భాగం కాలిన్స్ అనే ఇంగ్లీషు దంపతులది. వాళ్ళ పశువులు వచ్చి ఈయన పైరు మేసేవి. మాటామాటా పెరిగి చివరికి ఇద్దరి మధ్యా రాతిగోడ లేచింది. సిసిలీని జయించిన వీరుడూ గట్టు తగాదా తప్పించుకోలేకపోయాడని చదివినప్పుడు నాకు మా పక్కింటి ప్రహరీ గుర్తుకొచ్చి నవ్వొచ్చింది.

సిసిలీ కథ మనకు తెలిసిందే. టూకీగా చెబుతాను. 1860లో సార్డీనియా రాజు, ఆయన మంత్రి కవూరు కలిసి నీస్ పట్టణాన్ని ఫ్రాన్సుకు అప్పగించారు. పుట్టిన ఊళ్ళోనే గారిబాల్డీ పరదేశి అయ్యాడు. ఆ గాయం జీవితాంతం మానలేదు. ఆ వేడిమీదే మే 5 రాత్రి రెండు ఓడల్లో వెయ్యిమందికి పైగా స్వచ్ఛంద సైనికులతో బయలుదేరి, 11న సిసిలీలోని మర్సాలా రేవులో దిగాడు. సెప్టెంబరు 7న నేపుల్స్ నగరంలో ఉన్నాడు. దక్షిణ ఇటలీ సగం రాజ్యం చేతిలో ఉంది. అక్టోబరు 26న తెయానో దగ్గర రాజు విక్టర్ ఇమాన్యుయేల్‌ను కలిసి దాన్నంతా అప్పగించాడు. తన వాలంటీర్లను సైన్యంలో తగిన హోదాతో చేర్చుకోవాలని, ఏడాదిపాటు దక్షిణాది పాలన తనకు ఇవ్వాలని కోరాడు. రెండూ తిరస్కరించారు. తనకు మాత్రం జనరల్ హోదా, కోట, ఓడ, కూతురికి కట్నం ఇవ్వజూపారు. ఏదీ పుచ్చుకోలేదు.

మనం లైఫ్ సర్టిఫికెట్టు పట్టుకుని బ్యాంకు గుమ్మం ఎక్కే నవంబరు నెలలోనే, 1860 నవంబరు 9 తెల్లవారుజామున, వాషింగ్టన్ అనే స్టీమరు ఎక్కి కాప్రేరాకు వెళ్ళిపోయాడు. వెంట తీసుకెళ్ళింది ఒక బస్తా విత్తనాలు, కాస్త కాఫీ, పంచదార, ఎండు చేపలు, ఒక పెట్టె మెకరోనీ. పూలదండ, శాలువా, గ్రూపు ఫోటో లేని పదవీ విరమణ.

దీవి చేరాడే గాని విశ్రాంతి దొరకలేదు. ఉత్తరాలు, సందర్శకులు వచ్చి పడేవారు. 1861లో అమెరికా అంతర్యుద్ధంలో సేనాధిపత్యం వహించమని లింకన్ ప్రభుత్వం తరఫున దౌత్యవేత్త కాప్రేరాకే వచ్చాడు. సర్వసేనాధిపత్యమూ, బానిసత్వం రద్దు చేసే అధికారమూ కావాలన్నాడు. అది కుదరలేదు. 1862లో రోము మీదికి బయలుదేరితే ఆస్ప్రొమోంతే కొండల్లో తన దేశపు సైన్యమే కాల్చింది. కుడికాలి మడమ దగ్గర దిగిన గుండు బయటికి తీయడానికి మూడు నెలలు పట్టింది. 1864లో లండన్ వెళితే లక్షల జనం వీధుల్లో నిలబడ్డారు. కాలిన్స్ దొర పోయిన తర్వాత దీవిలో మిగిలిన సగాన్ని ఇంగ్లీషు అభిమానులే చందాలు వేసుకుని కొని ఆయనకు ఇచ్చారు. గోడ అవసరం తీరింది.

1867లో మళ్ళీ రోము ప్రయత్నం. ప్రభుత్వం ముందే పట్టుకుని కాప్రేరాకు పంపి, చుట్టూ యుద్ధనౌకలను కాపలా పెట్టింది. అప్పటికి ఆయనకు అరవై నిండాయి, కీళ్ళవాతం ముదిరింది. ఆయనలా దుస్తులు వేసుకుని ఒక మిత్రుడు ఇంటి ముందు తిరుగుతూ ఉండగా, అక్టోబరు 14 రాత్రి గారిబాల్డీ బాతుల వేటకు వాడే చిన్న దోనెలో పడుకున్నట్టు వంగి కూర్చుని, చప్పుడు కాకుండా తెడ్డు వేసుకుంటూ నౌకల మధ్యనుంచి జారిపోయాడు. లా మద్దలేనా చేరి ఆ రాత్రి తలదాచుకున్నది ఎవరింట్లో అనుకున్నారు? గట్టు తగాదా పడిన కాలిన్స్ దొరసాని ఇంట్లోనే. ఆ సాహసమూ నవంబరు 3న మెంతానాలో ఓటమితో ముగిసింది. ఈ దండయాత్రలు కొన్నిటిలో వివేకం కంటే మొండితనమే ఎక్కువ కనిపిస్తుంది. ఆయన మాట నమ్మి వెళ్ళిన కుర్రవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. అది దాచిపెట్టి రాయడం న్యాయం కాదు.

ఇక మన సంఘ సభ్యులకు ఆసక్తికరమైన పెన్షను సంగతి. సేద్యం మీద ఇల్లు గడవలేదు. చేయి వంకరపోతున్నా కూర్చుని నవలలు రాశాడు. 1870లో రెండు, 1874లో ఒకటి వెలువడ్డాయి. అవి గొప్పగా లేవని ఆయన అభిమానులే ఒప్పుకుంటారు, డబ్బూ పెద్దగా రాలేదు. ఇంగ్లండు వాళ్ళు బహూకరించిన పడవను అమ్మితే ఆ సొమ్ము మధ్యవర్తి ఎత్తుకుపోయాడు. కొడుకుల వ్యాపారాల అప్పులు తండ్రి నెత్తిన పడ్డాయి. ఈ పరిస్థితి బయటికి పొక్కి పార్లమెంటు ఏటా 50,000 లీరాల పెన్షను, దానికి తోడు అంతే ఆదాయం వచ్చే ప్రభుత్వ పత్రాలు మంజూరు చేసింది. పిండి మర మీద కూడా పన్ను వేసి పేదల ముక్కుపిండుతున్న ఖజానా సొమ్ము తనకు వద్దని ఆయన నిరాకరించాడు. ఏడాది పైగా ఆ మాట మీదే ఉన్నాడు. 1876లో ప్రభుత్వం మారింది, అప్పులవాళ్ళ ఒత్తిడి పెరిగింది, చిన్న పిల్లలు ఎదుగుతున్నారు. చివరికి పుచ్చుకున్నాడు. విమర్శించినవాళ్ళు లేకపోలేదు. ఆయన మనసు కూడా నొచ్చుకుంది. నాకైతే ఆ పుచ్చుకోవడంలో తప్పు కనబడదు. పనిచేసిన మనిషికి పెన్షను దానం కాదని మన సుప్రీం కోర్టు 1982 డిసెంబరులో నకారా కేసులో తేల్చి చెప్పింది గదా. ఆ తీర్పు గారిబాల్డీ పోయిన నూరేళ్ళకు వచ్చింది.

ఆ చిన్న పిల్లల సంగతీ చెప్పాలి. మనవల్ని చూసుకోవడానికి దీవికి వచ్చిన ఫ్రాంచెస్కా ఆర్మోసీనో అనే సామాన్య కుటుంబపు స్త్రీ ఆయన ఇల్లాలైంది. 1867లో క్లేలియా, 1869లో రోజా, 1873లో మాన్లియో పుట్టారు. కాని పెళ్ళికి చట్టం అడ్డు. 1860 జనవరిలో ఒక యువతిని పెళ్ళాడి, ఆమె మనసు వేరొకరి మీద ఉందని తెలిసి అదే రోజు విడిచిపెట్టాడు. ఆ పెళ్ళి రద్దు కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1880 జనవరి 26న, 72 ఏళ్ళ వయసులో, చక్రాల కుర్చీ మనిషిగా ఫ్రాంచెస్కాను వివాహమాడాడు.

మన దేశంలో ఆయన పేరు తెలిసింది ఉద్యమకాలంలోనే. లాలా లజపతిరాయ్ ఉర్దూలో ఆయన జీవితచరిత్ర రాశారు. నెహ్రూగారికి హారో స్కూలులో బహుమతిగా వచ్చిన పుస్తకం గారిబాల్డీ మీద ట్రెవెల్యాన్ రాసినది. మిగిలిన రెండు సంపుటాలూ తెప్పించుకుని చదివారు. గాంధీగారు మాత్రం 1909లో హింద్ స్వరాజ్‌లో ఇటలీ దారి మనకు పనికిరాదని వాదించారు.

1882 మే నెలాఖరుకు ఊపిరి భారమైంది. మంచాన్ని సముద్రం కనిపించే కిటికీ వైపు తిప్పమన్నాడు. జూన్ 2 సాయంత్రం రెండు చిన్న పిట్టలు వచ్చి కిటికీ మీద వాలాయి. చిన్నతనంలోనే పోయిన కూతుళ్ళు రోజా, అనీటా తనను చూడవచ్చారనుకున్నాడు. వాటిని తోలవద్దనీ, తన తర్వాత కూడా మేత పెట్టమనీ చెప్పాడని ఇంటివాళ్ళు చెప్పుకునేవారు. కాసేపటికి ప్రాణం పోయింది.

తన దేహాన్ని ఏం చేయాలో వీలునామాలో వివరంగా రాసి పెట్టాడు. ఎర్ర చొక్కా తొడిగి, ముఖం ఆకాశం వైపు ఉంచి, దీవిలో దొరికే సువాసన కట్టెలతో ఆరుబయట చితి పేర్చి దహనం చేయాలి. పిడికెడు బూడిద కుండలో పోసి కూతుళ్ళ సమాధుల పక్కన పెట్టాలి. అంతా అయ్యేవరకు అధికారులకు కబురు చేయవద్దని భార్యకు గట్టిగా చెప్పాడు కూడా. మనకు ఇది వింత కోరిక కాదు. అక్కడ మాత్రం పెద్ద చర్చ జరిగింది. రాజధాని నుంచి వచ్చిన నాయకులు దహనం కూడదన్నారు, జాతికి ఒక సమాధి ఉండాలన్నారు. ఫ్రాంచెస్కా వాళ్ళ ముందు నిలబడలేకపోయింది. జూన్ 8న, దీవిని తుఫాను ఊపేస్తుండగా, పెద్దమనుషుల సమక్షంలో ఆయనను పాతిపెట్టి పైన టన్నుల బరువున్న గ్రానైటు బండ కప్పారు.

క్లేలియా 1959లో మరణించింది. ఇప్పుడు ఆ తెల్ల ఇల్లు మ్యూజియం. చనిపోయిన గదిలో గడియారం, కేలండరు ఆ సాయంత్రం దగ్గరే ఆపి ఉంచారు. ముందు వాకిట్లో, క్లేలియా పుట్టినప్పుడు తండ్రి నాటిన పైన్ చెట్టు కొమ్మలు నేలకు వాలి ఉంది. వెనక వైపు, పిల్లల సమాధుల పక్కన, చెక్కడం పెద్దగా లేని ఆ మోటు బండ మీద పేరు ఒక్కటే కనిపిస్తుంది.