మూతలోనే దొరికిన రివెట్
(ఎర్మల్ ఫ్రేజ్ జీవితం)

కూల్‌డ్రింక్ డబ్బా చూడని వారు ఇప్పుడు మా అడ్డతీగలలో కూడా తక్కువే. పైనున్న చిన్న పిడిని వేలితో ఎత్తితే చాలు, మూత తెరుచుకుంటుంది. తాగి పారేస్తాం. దాని వెనుక ఒక మనిషి కష్టం ఉందని మాకు ఇంతకు ముందు తెలియదు. తెలుసుకున్నది ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

ఎర్మల్ ఫ్రేజ్ గారు 1913 సెప్టెంబరు 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. ఇంజనీరింగ్ చదివి, 1949లో ఒహైయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో పనిముట్లు, యంత్ర భాగాలు చేసే కంపెనీ స్థాపించారు. లోహాన్ని నొక్కడం, వంచడం ఆయనకు బాగా తెలిసిన విద్య.

ఆ రోజుల్లో డబ్బా మూతకు ఓపెనర్‌తో రంధ్రం పొడిచి తాగేవారు. 1959లో ఫ్రేజ్ గారు వనభోజనానికి వెళ్లి ఓపెనర్ మరచిపోయారు. చివరికి కారు బంపర్‌ సాయంతో డబ్బా తెరిచారు. కొంతకాలానికి ఒక రాత్రి నిద్రపట్టక ఈ సమస్య మీద కూర్చున్నారు.

మూతకు పిడి పెట్టాలని అంతకు ముందే కొందరు అనుకున్నారు. కాని దాన్ని అతికించేది ఎలా? మన హాస్టల్ వంటగదిలో పెద్ద మూకుడు చెవులు చూడండి. రంధ్రం చేసి, రివెట్ దూర్చి, కొట్టి బిగిస్తారు. డబ్బా మూతకు రంధ్రం చేస్తే గ్యాసు పోతుంది, పానీయం కారుతుంది. ఫ్రేజ్ గారు రివెట్‌ను బయటి నుండి తేలేదు. మూత లోహాన్నే మధ్యలో పైకి ఉబ్బించి రివెట్‌గా మలిచారు. రంధ్రం అవసరమే లేకపోయింది.

నేటికీ మూత అలాగే తయారవుతుంది. సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం రేకు నుండి ప్రెస్ గుండ్రని బిళ్లలు కత్తిరిస్తుంది. లోపలి గ్యాసు ఒత్తిడికి ఆగేలా చుట్టూ గాడి నొక్కుతుంది. అంచును వంచి, లోపల రబ్బరు వంటి పూత వేస్తారు. తరువాత మరో ప్రెస్‌లో మధ్య భాగం బుడగలా ఉబ్బి, దశలవారీగా చిన్న బొడిపె అవుతుంది. తెరుచుకోవలసిన చోట రేకు తెగిపోకుండా సన్నని గీత గీస్తారు. పిడిని బొడిపెకు తగిలించి, బొడిపె తలను చదును చేస్తారు. అంతే, పిడి ఊడిరాదు.

1962లో పిట్స్‌బర్గ్‌లోని ఒక బీరు కంపెనీ ఈ మూతను మొదట వాడింది. 1965 నాటికి అమెరికా బీరు కంపెనీల్లో నూటికి 75 దీన్నే వాడాయని అంచనా.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ మొదటి పిడి మూత ముక్కతో సహా ఊడి చేతికి వచ్చేది. జనం దాన్ని ఎక్కడపడితే అక్కడ పారేశారు. కాళ్లు కోసుకున్నాయి. జంతువులు మింగాయి. చెప్పులు లేకుండా తిరిగే మనకు ఈ బాధ చెప్పనక్కరలేదు. 1975లో డానియెల్ కడ్జిక్ అనే మరో ఇంజనీరు రూపొందించిన పిడి డబ్బాకే అంటి ఉండే మూత వాడుకలోకి వచ్చింది. ముక్క లోపలికి వంగుతుంది, పిడి పైనే ఉంటుంది. అయినా దాన్ని పట్టి ఉంచేది మూత లోహంతోనే చేసిన ఆ రివెట్టే.

ఫ్రేజ్ గారు 1989 అక్టోబరు 26న మరణించారు.

అల్యూమినియం బాక్సైటు నుండి వస్తుంది. ఆ బాక్సైటు మన తూర్పు కనుమల్లో అనంతగిరి, చింతపల్లి కొండల్లోనూ ఉంది. వాడిన డబ్బాను కరిగించి మళ్లీ లోహం చేయడానికి, ఖనిజం నుండి కొత్తగా తీసేందుకు పట్టే శక్తిలో సుమారు 5 శాతం చాలు. పారేసిన డబ్బా తిరిగి పనికొస్తే, కొండను తవ్వే అవసరం అంత తగ్గుతుంది.

మిత్రులారా, లేని వస్తువు కోసం వెతికే ముందు ఉన్నదాన్ని మరొకసారి చూడాలని ఫ్రేజ్ గారి జీవితం మాకు నేర్పింది. చేసిన వస్తువు వాడిన తరువాత ఎక్కడికి పోతుందో కూడా చూడాలని ఊడిపోయిన ఆ పిడి నేర్పింది. ఈ రెండు పాఠాలూ మేము గుర్తుంచుకుంటాము.