చదువు ఆపని ప్లానర్

నోటిఫికేషన్ పడింది, పరీక్ష రాశాం, ఉద్యోగం వచ్చింది. ఇక పుస్తకాలు అటక ఎక్కించేయొచ్చు అనుకుంటాం. కొన్ని కొలువుల్లో అలా నడిచిపోతుందేమో గానీ, టౌన్ ప్లానింగ్‌లో నడవదు. ఫైనలియర్‌లో నేర్చుకున్న రోడ్డు వెడల్పు లెక్కనే పదేళ్ల తర్వాత కూడా గుడ్డిగా వాడితే, అది ఎవరి ఇంటి మీదికో బుల్డోజర్‌ని పంపుతుంది. అందుకే అమెరికాలో ఏఐసీపీ సర్టిఫికెట్ ఉన్న ప్లానర్లు రెండేళ్లకోసారి 32 క్రెడిట్లు సంపాదించాలన్న నిబంధన ఉంది. ఒక్కో క్రెడిట్ అంటే సుమారు ఒక గంట చదువు. పరీక్ష పాసై వదిలేస్తే కుదరదు, నేర్చుకుంటూనే ఉన్నామని చూపించాలి.

ఈ క్రెడిట్లు, నిబంధనలు ఏవీ లేని రోజుల్లోనే జీవితమంతా ఇదే పని చేసిన మనిషి ప్యాట్రిక్ గెడ్డెస్. ప్లానింగ్ కోర్సులో చేరిన వాళ్లెవరికైనా తప్పకుండా ఎదురయ్యే పేరు. ఆయన కథలో మీకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. ప్రొఫెసర్‌గా దశాబ్దాలు పనిచేసిన గెడ్డెస్ చేతిలో ఒక్క డిగ్రీ కూడా లేదు.

మైక్రోస్కోప్ దూరమైంది

గెడ్డెస్ 1854 అక్టోబర్ 2న స్కాట్లాండ్‌లోని బ్యాలటర్‌లో పుట్టారు. పెర్త్ పట్టణం దగ్గర పెరిగారు. వృక్షశాస్త్రం చదవాలని ఎడిన్‌బరా యూనివర్సిటీలో చేరి, నచ్చక వారానికే బయటికొచ్చేశారు. లండన్ వెళ్లి ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ దగ్గర నేర్చుకున్నారు. డిగ్రీ మాత్రం తీసుకోలేదు.

1879లో పరిశోధన కోసం మెక్సికో వెళ్లినప్పుడు జబ్బు చేసి, కొంతకాలం చూపు పోయింది. వారాల తరబడి చీకటి గదిలో ఉండాల్సి వచ్చింది. పాతికేళ్ల వయసు, కళ్లే పెట్టుబడిగా ఉన్న వృత్తి. ఆ పరిస్థితిలో మిమ్మల్ని ఊహించుకోండి. ఆయన ఆ గదిలోనే కిటికీ చట్రాల గళ్లను చేత్తో తడుముతూ, కాగితాన్ని గళ్లుగా మడతపెట్టి, ఒక్కో గడికి ఒక్కో ఆలోచన ఇచ్చి, వాటి మధ్య సంబంధాలు వెతకడం అలవాటు చేసుకున్నారు. చూపు తిరిగొచ్చింది. కానీ గంటల కొద్దీ మైక్రోస్కోప్‌లో చూసే పని ఇక సాధ్యం కాలేదు. జీవిని దాని పరిసరాలతో కలిపి చూడాలన్న జీవశాస్త్ర పాఠాన్ని ఆ తర్వాత మనుషులకు, ఊళ్లకు వర్తింపజేశారు.

మురికివాడలో కాపురం

1886లో ఆనా మార్టన్‌తో పెళ్లయింది. ఆ కొత్త జంట ఎడిన్‌బరాలో మంచి వీధి చూసుకోకుండా, పాతబస్తీలోని జేమ్స్ కోర్ట్ అనే ఇరుకు సముదాయానికి కాపురం మార్చింది. గోడలకు సున్నం వేశారు, చెత్త తీశారు, ఖాళీ జాగాల్లో మొక్కలు నాటారు. పక్కింటివాళ్లూ చేయి కలిపారు. పేదల ఇళ్ల గురించి రిపోర్టు రాసే ముందు అదే ఇళ్ల మధ్య బతకడం ఆయన తొలి ఫీల్డ్ ట్రైనింగ్ అనుకోవచ్చు.

1888లో ఎడిన్‌బరా యూనివర్సిటీ వృక్షశాస్త్ర ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేశారు. రాలేదు. అదే ఏడాది డండీలోని యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ ఏడాదిలో ఒక్క వేసవి టర్మ్ మాత్రమే పాఠాలు చెప్పాలి. మిగతా కాలాన్ని ఆయన ఊళ్లు చదవడానికి వాడుకున్నారు.

అప్పటికే ఎడిన్‌బరాలో వేసవి సమావేశాలు మొదలుపెట్టారు. టీచర్లు, విద్యార్థులు, దేశవిదేశాల నుంచి వచ్చినవాళ్లు కొన్ని వారాలు కలిసి చదివేవారు, ఊరంతా తిరిగేవారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మళ్లీ విద్యార్థులయ్యే ఏర్పాటు అది. ఇప్పటి మన రిఫ్రెషర్ కోర్సులకు తాతలాంటిది.

1892లో అవుట్‌లుక్ టవర్ చేతికొచ్చింది. పైన కెమెరా అబ్‌స్క్యూరాలో ఊరంతా కదిలే బొమ్మలా కనిపిస్తుంది. కిందికి దిగుతుంటే అంతస్తుకో ప్రదర్శన. ముందు ఎడిన్‌బరా, తర్వాత స్కాట్లాండ్, అలా యూరప్, చివరికి ప్రపంచం. ముందు నీ ఊరు చూడు, తర్వాత ప్రపంచంతో కలిపి చూడు అనే క్రమం అది. ప్లాన్ గీసే ముందు సర్వే చేయాలన్న ఆయన సూత్రం ఈ అలవాటు నుంచే వచ్చింది.

సముద్రంలో మునిగిన కష్టం

పటాలు, ఫొటోలు, నమూనాలతో గెడ్డెస్ తయారుచేసిన నగరాల ఎగ్జిబిషన్‌కి 1913లో బెల్జియంలోని ఘెంట్‌లో పెద్ద బహుమతి వచ్చింది. మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ ఆయన్ని మన దేశానికి పిలిచారు. అప్పుడు కోస్తాంధ్ర, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. 1914లో గెడ్డెస్ ఒక ఓడలో, ఎగ్జిబిషన్ మరో ఓడలో బయల్దేరాయి. సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎమ్డెన్, అక్టోబర్‌లో ఎగ్జిబిషన్ వస్తున్న క్లాన్ గ్రాంట్‌ని ముంచేసింది. ఏళ్ల కష్టం సముద్రం పాలైంది. మిత్రులు మళ్లీ సామగ్రి పోగుచేసి పంపారు. కొద్ది నెలల్లోనే, 1915 జనవరిలో, మద్రాసులో ఎగ్జిబిషన్ తెరుచుకుంది. అప్పటికి ఆయన వయసు అరవై.

ఆ తర్వాత కొన్నేళ్లలో మన దేశంలో దాదాపు 50 పట్టణాల గురించి నివేదికలు రాశారు. చాలాచోట్ల ఇంజినీర్ల దగ్గర ఒకే మందు ఉండేది. ఇంగ్లండ్ లెక్కల ప్రకారం ఇరుకు పేటల మధ్య నుంచి వెడల్పాటి తిన్నని రోడ్డు వేయడం. దానికి వందల ఇళ్లు కూల్చాలి. ఆ కుటుంబాలు పక్క పేటలో ఇరుక్కుంటాయి, అక్కడ ఇరుకు ఇంకా పెరుగుతుంది. గెడ్డెస్ ఎండలో గల్లీ గల్లీ తిరిగి, ఏ ఇల్లు నిలుస్తుంది, ఏది పాడుబడింది, చెట్టు ఎక్కడుంది, బావి ఎక్కడుంది అని గుర్తించేవారు. శిథిలాలు మాత్రమే తీసేసి, ఆ జాగాని చిన్న మైదానంగా మార్చి, ఉన్న సందుల్నే కాస్త వెడల్పు చేయమనేవారు. కోత తక్కువ, నయం ఎక్కువ. డాక్టరు చేసే సర్జరీ లాంటిదే. దోమల పేరుతో చెరువులు పూడ్చడాన్నీ వ్యతిరేకించారు. శుభ్రం చేసి, చేపలు వదలమన్నారు. చెరువు పూడ్చి కట్టిన కాలనీల్లో వానాకాలం ఏం జరుగుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1917 ఆయన్ని కుదిపేసింది. ఏప్రిల్‌లో పెద్ద కొడుకు అలస్‌డెయిర్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో చనిపోయాడు. మన దేశంలోనే మంచం పట్టి ఉన్న భార్యకి ఆ కబురు చెప్పకుండా దాచారు. జూన్‌లో ఆమె కూడా పోయారు. ఆ దుఃఖంలోనే ఇందోర్ పనిలోకి దిగారు.

అక్కడ ప్లేగు భయం. గెడ్డెస్ దీపావళికి భారీ ఊరేగింపు ప్రకటించారు. మామూలు దారిలో కాదు, ఏ పేట ఇళ్లు శుభ్రంగా ఉంటే ఆ పేట మీదుగా వస్తుందన్నారు. జనం పోటీపడి ఊడ్చారు, సున్నాలు వేశారు, ఎలుకల్ని పట్టారు. ఊరేగింపులో రాక్షసుడితో పాటు పెద్ద ఎలుక బొమ్మనీ తిప్పి చివర్లో తగలబెట్టారు. జనానికి అర్థమయ్యే భాషలో చెప్పడం కూడా ప్లానర్ నేర్చుకోవాల్సిన నైపుణ్యమే.

ఓయూ క్యాంపస్‌లో ఆయన అడుగులు

1919లో బొంబాయి యూనివర్సిటీలో సోషియాలజీ, సివిక్స్ విభాగానికి తొలి ప్రొఫెసర్ అయ్యారు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ కోసం స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చారు. 1925లో, డెబ్భై దాటాక, టెల్ అవీవ్ నగరానికి ప్లాన్ వేశారు. 1932 ఏప్రిల్ 17న ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్‌లో కన్నుమూశారు.

అన్నీ గెలుపులే అనుకోకండి. ఆయన రాతలు తేలిగ్గా అర్థమయ్యేవి కావు. చాలా నివేదికలు అమలే కాలేదు. అయినా ఆ సర్వే పద్ధతి ఇప్పటికీ పాఠ్యాంశమే.

మీకేంటి ఇందులో?

డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదని ఈ కథ చెప్పడం లేదు. ఆయన మొదలుపెట్టే నాటికి ఆ వృత్తికి కోర్సే లేదు. ఇప్పుడు విజయవాడ ఎస్‌పీఏలో, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో ప్లానింగ్ కోర్సులున్నాయి. ఉద్యోగం కావాలంటే సర్టిఫికెట్ కావాల్సిందే. కాకపోతే అది మీరు ఒకరోజు ఏం తెలుసుకుని ఉన్నారో చెప్పే కాగితం. ఊరు మాత్రం మారుతూనే ఉంటుంది.

ఈ ఆదివారం మీ ఊళ్లో ఒక వార్డు ఎంచుకుని నడవండి. వాననీళ్లు ఎటు పోతున్నాయి, పిల్లలు ఎక్కడ ఆడుతున్నారు, ఏ ఇల్లు ఖాళీగా ఉంది, ఏ బావి మూతపడింది. చూసింది కాగితం మీద పటంలా గీయండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే వార్డుకి వెళ్లి ఏం మారిందో పోల్చండి. ఇంటర్వ్యూలో చూపించడానికీ పనికొస్తుంది. రేపు మీరు సంతకం పెట్టే ప్లాన్ కింద ఉన్న ఇళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.