సత్తువ గుట్టు విప్పిన సుబ్బారావుగారు

మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. నేల మీద కూచున్నవాడు లేవాలంటే చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించుకుంటా లేస్తాడు. పిక్కలు మాత్రం కుస్తీ పట్టేవాళ్లకున్నట్టు లావుగా ఉంటాయి. అందుకే అందరం సోమరితనం అనుకున్నాం. చిత్తూరులో మా ఇంటికొచ్చినప్పుడు మెట్లెక్కలేదని వాణ్ణి నేనే కసురుకున్నాను కూడా.

తిరుపతిలో నరాల డాక్టరు వాడు లేవడం చూడగానే సీపీకే అనే రక్తపరీక్ష రాశారు. అంటే క్రియాటిన్ కైనేజ్. వందల్లో ఉండాల్సిన అంకె వేలల్లో వచ్చింది. ఆ పేరు వినగానే డిగ్రీలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. ఆ రాత్రి నిద్రపట్టక ఆయన జీవితం మళ్లీ చదివాను.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటానని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సన్యాసం పుచ్చుకుంటానంటే ఆ తల్లే వద్దంది. మద్రాసులో వైద్యం చదవడానికి మామగారు సాయపడ్డారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోవడం ఆయన్ను బాగా కుదిపేసింది.

1920ల మొదట్లో భార్య శేషగిరిగారిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. ఆ తర్వాత పుట్టిన కొడుకు, తండ్రి చూడకుండానే పసితనంలో పోయాడు. శేషగిరిగారు ఎదురుచూస్తానే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు. ఆయన గొప్పతనం చెప్పేవాళ్లు ఆమె సంగతి ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకు మాత్రం దాటబుద్ధి కాలేదు.

పొట్టకూటికి ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తానే హార్వర్డులో చదువుకున్నారు. 1927లో ఫిస్కేగారితో కలిసి కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశారు. ఏటీపీ చేతిలో ఖర్చుపెట్టుకునే డబ్బు లాంటిది. ఫాస్ఫోక్రియాటిన్ పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు. చేతిది అయిపోగానే డబ్బాలోంచి తీసి నింపే ఎంజైమే క్రియాటిన్ కైనేజ్. కండరం చెడితే అది రక్తంలోకి కారుతుంది. కండరాల క్షీణత ఉన్నవాళ్ల రక్తంలో అది బాగా పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1959లో చూపించారు.

అది చూడటానికి సుబ్బారావుగారు లేరు. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరక్క 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఫోలిక్ యాసిడ్ తయారీకి, బోదకాలు మందుకు, కేన్సర్ మందుకు దారి చూపి, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు.

సీపీకే ఒక్కటే జబ్బు పేరు చెప్పదు. బలహీనత నరాలదైతే అది మామూలుగానో, కొంచెం ఎక్కువగానో ఉండొచ్చు. అప్పుడు నరాల పరీక్షలు కావాలి. మావాడికి జన్యుపరీక్షలో డ్యుషేన్ అని తేలింది. మా చెల్లెలి అత్తగారు కోడలి వంశాన్ని తప్పుబట్టింది. డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఇది తల్లి నుంచి రావొచ్చు, సుమారు మూడోవంతు పిల్లల్లో కొత్తగానూ తలెత్తవచ్చు, ఎలా వచ్చినా తల్లి చేసిన తప్పేమీ లేదని. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు.

పూర్తిగా నయంచేసే మందు లేదు. స్టెరాయిడ్లు, వ్యాయామ చికిత్స, గుండె పరీక్షలు వాడి నడకకు, ఆయుష్షుకు కొన్నేళ్లు కలుపుతాయి. అందుకే ఆలస్యం చేయకూడదు. మీ ఇంట్లో బిడ్డ మాటిమాటికీ పడుతున్నా, మునివేళ్ల మీద నడుస్తున్నా, తొడలు పట్టుకుని లేస్తున్నా దిష్టి తీసి ఊరుకోకండమ్మా, డాక్టరుకు చూపించండి.

మొన్న వాడు మా ఇంటికొచ్చాడు. కసరలేదు. ఎత్తుకుని మెట్లెక్కాను.